ఒంటరిగా ఉండలేని కుక్క: ముందు ఆ బోను తీసేయండి

ముందుగా ఒక పని చేయండి. ఆ ఇనుప బోను మడిచి అటక మీద పెట్టేయండి. మిగతాదంతా తీరిగ్గా చదువుకోవచ్చు.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. రెండు నెలల కిందట షెల్టర్ నుంచి రెండేళ్ల ఇండీ (దేశవాళీ) కుక్కను తెచ్చుకున్నారు, పేరు లడ్డు. మీరు ఇంట్లో ఉన్నంతసేపు కాళ్ల దగ్గరే పడుకుంటాడు, ఏ గొడవా లేదు. భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకు బయల్దేరితే మాత్రం అరుపులు, ఏడుపు, తలుపు గీకడం, హాల్లో మూత్రం. ఉండేది మూడో అంతస్తు ఫ్లాటు కాబట్టి అసోసియేషన్ దాకా ఫిర్యాదు వెళ్లింది. ఎవరో చెబితే బోను కొని అందులో పెట్టి వెళ్లారు. సాయంత్రం వచ్చి చూస్తే ముక్కు మీద తోలు లేచిపోయింది, కమ్మీలకు నెత్తురు. మీ అత్తగారు నాలుగు తగిలిస్తే దారికొస్తుందంటున్నారు, స్నేహితులు ఇంకో కుక్కను తెచ్చుకోమంటున్నారు. చివర్లో మీరడిగిన ప్రశ్న: ఇలా ఎన్ని రోజులు ఏడిస్తే అలవాటు పడతాడు?

ఏడిస్తే అలవాటు పడడు. రోజురోజుకీ ఇంకా ముదురుతుంది. నీళ్లంటే భయపడే పిల్లాణ్ని రోజూ బావిలోకి తోస్తే ఈత రాదు, బావి వైపు వెళ్లాలంటేనే వణుకు పుడుతుంది. లడ్డుకు మీ ఫ్లాటు తలుపు అలాంటి బావి అయిపోయింది.

నేను వెటర్నరీ డాక్టర్ని కాదు. సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. తొమ్మిదేళ్లుగా, ఇల్లు దొరకని కుక్కల్ని దొరికేదాకా మా ఇంట్లో పెట్టుకుంటున్నాం, ఫాస్టరింగ్ అంటారు దాన్ని. ఇప్పటికి ఇరవై పైచిలుకు వచ్చి వెళ్లాయి. వాటిలో నలుగురైదుగురికి ఈ సెపరేషన్ యాంగ్జైటీ, అంటే మనిషి వదిలి వెళ్తే పుట్టే భయం, ఉంది. కానీ నాకు నిజంగా పాఠం చెప్పింది మా సొంత కుక్క రాగి. 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో వచ్చింది. అప్పటికి అరచేతిలో పట్టేంత పిల్ల. మా ఆయనా నేనూ ఇద్దరం ఇంటి నుంచే పని. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అది ఒంటరిగా ఒక్క గంట ఉన్నది లేదు. 2022 ఫిబ్రవరిలో ఆఫీసులు తెరిచారు. మొదటి రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి కింది ఫ్లాటు ఆవిడ లిఫ్టు దగ్గరే నిలబడి ఉంది. 'మీ కుక్కకు ఏమైనా అయిందేమో చూడండి, పొద్దుట్నుంచి ఎవరో చనిపోయినట్టు ఏడుస్తోంది' అంది.

మర్నాడు పాత ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, వీడియో ఆన్ చేసి వెళ్లాను. ఆ వీడియో ఆఫీసు క్యాంటీన్‌లో చూశాను, చేతిలో ఇడ్లీ ప్లేటు అలాగే ఉండిపోయింది. తలుపు పడగానే రాగి వచ్చి, తలుపు కింద సందులో ముక్కు పెట్టి నిలబడింది. లిఫ్టు తలుపు చప్పుడయ్యేదాకా కదల్లేదు. రెండో నిమిషంలో సన్నగా మూలుగు. నాలుగో నిమిషానికి మెడ పైకెత్తి ఊళ. నోటి నుంచి సొంగ కారి కింద టైల్ మీద మడుగు కట్టింది. తర్వాత హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి తలుపు దగ్గరికి ఒకే దారిలో తిరుగుడు. యాభై నిమిషాలకు ఫోన్‌లో జాగా నిండిపోయింది కాబట్టి అక్కడితో వీడియో ఆగింది, రాగి ఆగలేదు. నేను వెళ్తూ వెళ్తూ పెట్టిన చికెన్ ముక్కలు గిన్నెలో అలాగే ఉన్నాయి. సాయంత్రం నేను చెప్పులు విప్పిన మరుక్షణం వచ్చి గబగబా తినేసింది.

ఆ గిన్నె సంగతి గుర్తుపెట్టుకోండి. ఎంత ఇష్టమైన తిండి పెట్టినా మీరు లేనప్పుడు ముట్టకపోవడం, రాగానే తినడం అనేది ఈ భయానికి చాలా బలమైన గుర్తు. విసుగుతో అల్లరి చేసే కుక్క అయితే ముందు చికెన్ తినేసి, ఆ తర్వాత సోఫా సంగతి చూస్తుంది.

అందుకే మీరు కూడా ముందు వీడియో తీయండి. మీరు చెప్పింది నమ్మక కాదు. పక్కింటివాళ్లు చెప్పేది అరుపు గురించి మాత్రమే, ఆ అరుపుకి ముందు ఏం జరిగిందో వాళ్లకు తెలియదు. మీరు వెళ్లిన మొదటి అరగంటలోనే గొడవ మొదలైతే, గీకుడూ కొరుకుడూ తలుపు, కిటికీ చుట్టూనే ఉంటే, సొంగ, ఆయాసం, తిరుగుడు కనిపిస్తే అది భయమే. అదే రెండు గంటలు హాయిగా పడుకుని, లేచి దిండు చింపుతున్నాడనుకోండి, వాడికి పని లేదు, అంతే. దానికి వైద్యం వేరు. ఎవరైనా కారిడార్‌లో నడిచినప్పుడే అరిచి ఊరుకుంటే అది కాపలా బుద్ధి. ఇక మూత్రం సంగతి. మీరు ఇంట్లో ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడు పోస్తున్నాడా? షెల్టర్ గచ్చు మీద ఎక్కడ పడితే అక్కడ పోసి పెరిగిన కుక్కకు ఇల్లు అనే లెక్క కొత్త. లేదా మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు, అది డాక్టరు దగ్గర పరీక్ష చేయిస్తే తేలిపోతుంది. బోనులో పెట్టాక మరీ ఎక్కువైందన్నారు కాబట్టి మూసేస్తే వచ్చే భయం కూడా వీడికి ఉన్నట్టుంది. రెండూ కలిసి ఉన్న కుక్కను బోనులో పెట్టి వెళ్లడమంటే కాలుతున్న ఇంటికి బయట గడియ పెట్టడమే. పళ్లు విరగ్గొట్టుకున్న కుక్కల్ని చూశాను. నేను కూడా తక్కువ తినలేదు. రాగిని పడగ్గదిలో ఏసీ వేసి పెట్టి వెళ్తే చల్లగా పడుకుంటుందనుకున్నాను, తలుపు చెక్క బీడింగ్ మొత్తం పీకి, ముందు కాలి గోరు ఊడగొట్టుకుంది.

ఇంకో మాట. బాల్కనీలో వదలొద్దు. గొలుసుతో కూడా వద్దు. మూడో అంతస్తు నుంచి కూడా భయంలో కుక్క దూకేస్తుంది, గొలుసుంటే అది మెడకు ఉరి.

మీ అత్తగారికి ఏం చెప్పాలో కూడా అడిగారు. పెద్దావిడ తప్పేం లేదు, ఆవిడ చూసింది ఇంటికొచ్చాక తల వంచుకుని, తోక కాళ్ల మధ్య పెట్టుకుని మూలకు నక్కే కుక్కను. 'తప్పు చేశానని దానికి తెలుసు చూడు' అని ఎవరికైనా అనిపిస్తుంది. అమెరికాలో అలెగ్జాండ్రా హొరొవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో దీన్నే పరీక్షించింది. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానికీ ఆ ముఖానికీ సంబంధం కనిపించలేదు. యజమాని తిడితే చాలు, ఏ తప్పూ చేయని కుక్క కూడా అదే ముఖం పెట్టింది. అంటే మనం చూస్తున్నది పశ్చాత్తాపం కాదు, మన ముఖం చూసి పుట్టిన జంకు. సాయంత్రం ఆరింటికి కొడితే పొద్దున తొమ్మిదింటికి పోసిన మూత్రంతో దాన్ని ముడిపెట్టుకోవడం కుక్క వల్ల కాదు. దానికి తెలిసేదల్లా ఒకటే: వీళ్లు వెళ్తే భయం, వస్తే దెబ్బలు. ఇలా చెప్పి చూడండి, వింటారు. మా అత్తగారు విన్నారు. ఇప్పుడు రాగి పెరుగన్నం ఆవిడ డిపార్ట్‌మెంటు.

అసలు వైద్యం ఒక్క ముక్కలో చెప్పాలంటే, వాడికి భయం మొదలయ్యేలోపే మీరు తిరిగి వచ్చేయాలి. మళ్లీ మళ్లీ అలా రావాలి. ఆ 'లోపు' అనేది మొదట్లో సెకన్లలో ఉంటుంది, మెల్లగా నిమిషాలవుతుంది, నెలల తర్వాత గంటలవుతుంది. ఇది పనిచేయాలంటే ఒక షరతు ఉంది, అందరూ ఇక్కడే జారిపోతారు. ఈ శిక్షణ నడిచినన్నాళ్లూ వాడు తట్టుకోగలిగినదానికంటే ఎక్కువసేపు ఒక్కసారి కూడా ఒంటరిగా వదలకూడదు. పొద్దున ఇరవై నిమిషాలు ఓపిగ్గా పాఠం చెప్పి, తర్వాత ఎనిమిది గంటలు వదిలేసి వెళ్తే, కుండలో నీళ్లు పోస్తూ అడుగున చిల్లు పెట్టినట్టే.

'అదెలా కుదురుతుంది, ఉద్యోగాలు మానేయాలా?' అని మీరు అనేలోపే చెబుతున్నాను, ఎవరో ఒకరు మనిషి ఉంటే చాలు. చాలా కుక్కలకు ఫలానా మనిషే ఉండాలని లేదు, ఇంట్లో ఎవరైనా ఉంటే పడుకుంటాయి. లడ్డు అలాంటివాడేనా అని ఒక ఆదివారం చూడండి, మీరిద్దరూ వెళ్లి మీ అత్తగారినో, తెలిసినవాళ్లనో ఉంచండి. ఊరుకున్నాడంటే సగం సమస్య మనుషుల్ని సర్దుకోవడంతో తీరుతుంది. మీ ఇద్దరికీ వారంలో ఇంటి నుంచి పని చేసే రోజులు ఉన్నాయన్నారు కదా, అవి ఒకే రోజు పడకుండా ఆఫీసులో అడిగి మార్చుకోండి. మిగిలిన రెండు మూడు రోజులకు మేం చేసింది ఏమిటంటే, పై అంతస్తులో రిటైరైన లెక్కల మాస్టారు ఉన్నారు, ఆయన మధ్యాహ్నం పేపరు, కళ్లజోడు పట్టుకుని మా హాల్లోకి వచ్చి కూర్చునేవారు. వాళ్లింట్లో మనవలు క్రికెట్ ఆడతారు, మా ఇంట్లో ప్రశాంతంగా ఉంటుందని ఆయన బాధ ఆయనది! ఒక రోజు పనిమనిషికి అదనంగా డబ్బిచ్చి, వంటయ్యాక రెండు గంటలు టీవీ చూస్తూ కూర్చోమన్నాం. ఒక రోజు డాగ్ డేకేర్. డేకేర్‌కు పంపేముందు మీరే వెళ్లి చూడండి, అక్కడ కూడా బోనులోనే పెడతారేమో అడగండి. పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు మీ అపార్ట్‌మెంట్లోనే ఉంటారు, వాళ్లకు ఫ్యానూ, వైఫైవున్న నిశ్శబ్దమైన గది ఇస్తామంటే ఎగిరి గంతేస్తారు. అడగడానికి మొహమాటపడతాం గానీ, జనం మనం అనుకున్నంత కాదనరు. కారులో కూర్చోబెట్టి వెళ్లడం మాత్రం వద్దు. మన ఎండల్లో అద్దాలు కొంచెం దించినా పది నిమిషాల్లో కారు పొయ్యి అవుతుంది.

నా అనుభవంలో ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైన భాగం ఇదే. కుక్కకు నేర్పడం కాదు, వారానికి ఐదు రోజులు ఎవరు ఎప్పుడు ఉంటారో ఫ్రిజ్ మీద కాగితం అంటించుకోవడం. మా ఫ్రిజ్ మీద ఆ కాగితం ఏడు నెలలు ఉంది.

ఇప్పుడు పాఠం. ఒక పూట, వాడు తిని, బయట తిరిగొచ్చి, కాస్త స్థిమితంగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఒక ఫోన్ ఇంట్లో ఆనించి, మీ చేతిలోని రెండో ఫోన్‌కు వీడియో కాల్ పెట్టుకోండి, కెమెరా ఉంటే ఇంకా మంచిది. మామూలుగా లేచి తలుపు దగ్గరికి నడవండి, తిరిగొచ్చి కూర్చోండి. వాడు లేచి వెంటపడితే పడనివ్వండి. మళ్లీ నడవండి. ఇలా ఐదారుసార్లయ్యాక చాలా కుక్కలకు విసుగొచ్చి 'ఈవిడకేదో అయింది' అన్నట్టు తల నేలకు ఆన్చేస్తాయి. అప్పుడు తలుపు తీసి మూయండి, బయటికి వెళ్లకుండానే. తర్వాత బయట అడుగుపెట్టి వెంటనే లోపలికి. తర్వాత తలుపు వేసి మూడు సెకన్లు. ఒక్కో విడతకీ మధ్య ఒక నిమిషం ఊరుకోండి, వాడి గుండె దడ తగ్గాలి.

సెకన్లను వరుసగా పెంచుకుంటూ పోవద్దు. మూడు, ఎనిమిది, నాలుగు, పన్నెండు, ఐదు, ఇలా ఎక్కువా తక్కువా కలిపి చేయండి. ఎప్పుడూ పెరుగుతూనే ఉంటే కుక్క అది పసిగడుతుంది, రెండో రోజుకే మీరు లేవగానే వాడి చెవులు వెనక్కి వెళ్తాయి. రోజుకు ఒక్కసారి, ఇరవై నిమిషాలు, అరగంట మించకుండా చాలు. వారంలో రెండు రోజులు సెలవు, వాడికీ మీకూ.

కళ్లు పెట్టాల్సింది గడియారం మీద కాదు, కుక్క మీద. ఫ్యాను కింద ఉండి కూడా ఆయాసపడుతున్నాడా, పెదాలు నాకుతున్నాడా, నిద్ర లేకుండానే ఆవలిస్తున్నాడా, ఒక ముందు కాలు గాల్లో పెట్టి ఆగిపోయాడా, రెప్ప వేయకుండా తలుపు వైపే చూస్తున్నాడా, ఇవన్నీ అరుపుకు ముందు వచ్చే మాటలు. వీటిలో ఏది కనిపించినా అంతసేపు ఎక్కువైందని అర్థం. వెంటనే లోపలికి వెళ్లిపోండి, మర్నాడు దానిలో సగంతో మొదలుపెట్టండి. 'అరుస్తున్నప్పుడు వెళ్తే అరుపు అలవాటవుతుంది, ఆగాక వెళ్లాలి' అని చాలామంది చెబుతారు. బిస్కెట్ కోసం మొరిగే కుక్క విషయంలో ఆ మాట నిజమే. భయపడి ఏడ్చే కుక్క విషయంలో కాదు, భయం అనేది బేరం ఆడదు. వెళ్లి నిమిరినంత మాత్రాన భయం పెరగదు. అలాగే 'కూర్చో, ఉండు' అని ఆర్డరిచ్చి వెళ్లకండి. మాట విని కదలకుండా కూర్చున్న కుక్క లోపల వణుకుతూ ఉండొచ్చు. మనకు కావలసింది నడుము ఒక పక్కకు వాల్చి, గడ్డం నేలకు ఆన్చి పడుకున్న కుక్క.

రాగి విషయంలో నేను రాసుకున్న నోటుబుక్కు ఇంకా ఉంది. మొదటి రోజు ఏడు సెకన్లు. ఒక నిమిషం దాటడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాల్లో నాకు రెండుసార్లు ఏడుపొచ్చింది. రెండు నెలలకు పన్నెండు నిమిషాలు. నాలుగో నెలలో నలభై. నలభై దాటాక మాత్రం బండి పరుగెత్తింది, గంటకూ రెండు గంటలకూ మధ్య వారం కూడా పట్టలేదు. ఏడో నెల చివర నాలుగు గంటలు. ఇవి రాగి లెక్కలు. లడ్డు ఇంకా త్వరగా రావచ్చు, ఆలస్యమూ కావచ్చు. ఒకేలా పైకి ఎక్కదు ఈ గీత, ఒక వారం ఇరవై నిమిషాలు ఉండి తర్వాతి వారం తొమ్మిదికి పడిపోయిన రోజులున్నాయి.

ఫ్లాట్లలో ఇంకో చిక్కుంది. మీకు 'వెళ్లడం' అంటే తలుపు వేయడం. కుక్కకు అది ఒక వరుస: గడియ, తాళం తిరిగిన చప్పుడు, కారిడార్‌లో అడుగులు, లిఫ్టు వచ్చిన గంట, కింద స్కూటర్ స్టార్టయిన శబ్దం. తలుపు బయట రెండు నిమిషాలు నిలబడితే బాగానే ఉన్నవాడు, లిఫ్టు ఎక్కితే పది సెకన్లలో లేచి కూర్చుంటాడు. మీరు తలుపు వెనకే ఉన్నారని వాడి ముక్కుకు తెలుసు మరి. కాబట్టి ఒక్కో చప్పుడు కలిపినప్పుడల్లా సమయం మళ్లీ తగ్గించాలి. తాళం తిప్పి ఐదు సెకన్లు. లిఫ్టు పిలిచి, ఎక్కకుండా వచ్చేయడం. మా వాచ్‌మన్ కొన్నాళ్లు నన్ను అదోలా చూశాడు, స్కూటర్ స్టార్ట్ చేసి ఆపి మళ్లీ పైకి వెళ్లిపోతుంటే చూడడా!

వెళ్లే ముందు చేసే పనులు కూడా కుక్కకు సైరన్ లాంటివే. తాళాల గుత్తి, ఐడీ కార్డు, హెల్మెట్. రాగికి అన్నిటికంటే భయం టిఫిన్ డబ్బా క్లిప్పు 'టక్' మన్న చప్పుడు. అది వినగానే మంచం కిందికి పోయేది. ఆదివారాల్లో ఖాళీ డబ్బా ముందేసుకుని టీవీ చూస్తూ ఊరికే తీసి మూస్తూ కూర్చున్నాను, రెండు వారాలకు ఆ చప్పుడుకి విలువ పోయింది. తాళాలు తీసుకుని పక్కింటికి కాకుండా వంటింట్లోకి వెళ్లండి, హెల్మెట్ పెట్టుకుని పప్పు తాలింపు వేసినా ఫర్వాలేదు. కానీ దీనిమీదే నెలలు గడిపేయకండి, అసలు పని తలుపు దగ్గరే ఉంది.

తిండి గురించి ఒక మాట. లోపల గుల్లగా ఉండే రబ్బరు బొమ్మలు, కాంగ్ లాంటివి, పెట్ షాపుల్లో దొరుకుతాయి. తాలింపు, ఉప్పు, ఉల్లిపాయ లేని మెత్తటి పెరుగన్నం అందులో కూరి రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే అరగంట నాకుతూ కూర్చుంటాయి. వేరుశనగ వెన్న పెడితే సీసా వెనక జైలిటాల్ అనే తీపి పదార్థం ఉందేమో చదవండి, అది కుక్కలకు విషం. అయితే ఈ బొమ్మను మీరు ఇంట్లో ఉన్నప్పుడే ఎక్కువగా ఇవ్వండి. వెళ్లేటప్పుడు మాత్రమే ఇస్తే అది కూడా ఇంకో టిఫిన్ డబ్బా అవుతుంది. పైగా తిండి అయిపోయేదాకా మాత్రమే ఊరుకుని, ఆఖరి మెతుకు నాకగానే ఉలిక్కిపడి చూసే కుక్కల్ని చూశాను. శిక్షణ సెకన్లు నేను తిండి లేకుండానే లెక్కపెట్టేదాన్ని.

రెండో కుక్కను తెచ్చుకోమన్న సలహా: వద్దు. ఇష్టమై తెచ్చుకుంటే వేరు, మందుగా మాత్రం వద్దు. వాడు ఏడ్చేది మనిషి లేడని. రాగి ఏడుస్తున్న రోజుల్లోనే మా ఇంట్లో ఒక ఫాస్టర్ కుక్క ఉండేది. వీడియోలో రాగి ఊళలు, పక్కనే ఆ మహారాజు వెల్లకిలా పడుకుని గురక. అదృష్టం బాగుండి వాడు నేర్చుకోలేదు గానీ, లేకపోతే రెండు గొంతులయ్యేవి. మొరిగితే షాక్ కొట్టే కాలర్లు అమ్ముతున్నారు ఆన్‌లైన్‌లో, వాటి జోలికి పోవద్దు. పొద్దున పది కిలోమీటర్లు పరుగెత్తిస్తే పడుకుంటాడనేది సగం నిజం, అలసిపోయిన కుక్కకు కూడా భయం వేస్తుంది. పరుగు బదులు ఎండ ఎక్కకముందే అరగంట వాడి ఇష్టం వచ్చినట్టు చెట్లూ గోడలూ వాసన చూసుకోనివ్వండి, మనసు కుదురుకోవడానికి అది ఎక్కువ పనిచేస్తుంది. రేడియో, పాటలు పెట్టొచ్చు, లిఫ్టు చప్పుళ్లు కప్పేస్తాయి. రోజంతా పెట్టండి, వెళ్లేటప్పుడే కాదు.

మందుల సంగతికి మీరు భయపడుతున్నట్టున్నారు, 'పిచ్చి మందులు' అని రాశారు. నేనూ రెండు నెలలు అలాగే భయపడి రాగిని అనవసరంగా ఏడిపించాను. ముక్కు చీరుకునేంత భయం ఉన్న కుక్కకు మందు ఆఖరి అస్త్రం కాదు, మొదట్లోనే డాక్టరుతో మాట్లాడాల్సిన విషయం. క్లోమిప్రమిన్ అనే మందును 1998లో, ఫ్లుఒక్సెటిన్ అనే మందును 2007లో అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ సంస్థ కుక్కల్లో సరిగ్గా ఈ సమస్యకే, శిక్షణతో కలిపి వాడడానికి ఆమోదించింది. ఇవి ఇవాళ వేస్తే రేపు పనిచేసేవి కావు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మొదటి రెండు వారాలు రాగి తిండి తగ్గించింది, కాస్త మందకొడిగా ఉంది, తర్వాత సర్దుకుంది. మందు పాఠం చెప్పదు, పాఠం చెవికెక్కేంత నెమ్మది ఇస్తుంది. రాగి ఒక నిమిషం నుంచి పన్నెండు నిమిషాలకు వెళ్లింది మందు మొదలుపెట్టాకే.

డాక్టరు దగ్గర కొన్ని విషయాలు మీరే ఎత్తాలి. మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష, లివరు, కిడ్నీలు, వాటితోపాటు గోమార్లు కుట్టి వచ్చే టిక్ ఫీవర్ కూడా. మన దగ్గర షెల్టర్ కుక్కల్లో అది మామూలు, ఒంట్లో బాగాలేని కుక్కకు భయం తొందరగా వస్తుంది. రెండోది, గోమార్లకు వాడే అమిట్రాజ్. నీళ్లలో కలిపి ఒంటికి రాసే ఆ మందు మన ఇళ్లలో చాలామంది వాడతారు, పైన చెప్పిన రెండు మందులతో అది కలవకూడదు. లడ్డుకు గోమార్ల కోసం ఏం వాడారో, చివరిసారి ఎప్పుడు వాడారో తప్పకుండా చెప్పండి. మూడోది, ఎవరైనా నిద్రమత్తు మందు మాత్రమే రాసిస్తే ఆగి అడగండి. కొన్ని మందులు ఒళ్లు కదలకుండా చేస్తాయే గానీ లోపలి భయాన్ని తగ్గించవు, అరవలేని కుక్కను చూసి మనం తగ్గిందనుకుంటాం. మెరుగయ్యాక కూడా మీ అంతట మీరే హఠాత్తుగా ఆపేయకండి. రాగికి పద్నాలుగో నెలలో డాక్టరే కొద్దికొద్దిగా తగ్గించి ఆపారు. మెడికల్ షాపులో మనుషుల మాత్ర కొని అంచనాతో సగం ముక్క వేయడం లాంటి ప్రయోగాలు అసలే వద్దు.

అసోసియేషన్‌తో గొడవ. అపార్ట్‌మెంటులో పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్లకు లేదని, మెజారిటీ ఓటుతో తీర్మానం చేసినా చెల్లదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, కానీ మొదట దాన్ని తీయకండి. కింది ఫ్లాటులో నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషి ఉండొచ్చు, ఆయన తలనొప్పికి చట్టం చెబితే ఏం లాభం? నేను కిందావిడ దగ్గరికి మామిడి పళ్లు పట్టుకుని వెళ్లి, ఆ యాభై నిమిషాల వీడియో చూపించాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది. నా నంబరు ఇచ్చి, అరుపు వినిపిస్తే ఫిర్యాదు రాయకుండా నాకు మెసేజ్ పెట్టమన్నాను. పైగా మీరు ఇకనుంచి ఒంటరిగా వదలరు కాబట్టి అరుపు మొదటి రోజు నుంచే తగ్గుతుంది. పక్కవాళ్లకు కావలసింది అదే.

దీపావళి సంగతి ముందే చెప్పాలి. టపాసుల భయమూ ఒంటరి భయమూ తరచూ కలిసే ఉంటాయి. ఆ వారం పాఠం పూర్తిగా ఆపేయండి, ఒక్క సెకను కూడా వదలొద్దు. మేం మొదటి దీపావళికి ఈ మాట తెలియక నెలరోజుల కష్టం పోగొట్టుకున్నాం. కరెంటు పోతే వైఫై పోయి కెమెరా ఆగిపోతుంది, ఆ పూటకు అక్కడితో ఆపండి. మందు డోసు మారినప్పుడు, చుట్టాలొచ్చి వెళ్లినప్పుడు కొన్ని రోజులు వెనక్కి వెళ్తాడు, వెళ్లనివ్వండి.

తిరిగి ఇచ్చేయాలా అని కూడా అడిగారు, చివరి వాక్యంలో, చిన్నగా. దానికి మిమ్మల్ని తప్పుపట్టను. ఇంట్లో మనిషిని ఉంచే దారి ఏ విధంగానూ దొరకకపోతే, ఎప్పుడూ మనుషులుండే ఇల్లు వెతికి పెట్టడం కూడా వాడికి మేలే, షెల్టర్ వాళ్లకు దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పండి. కానీ రెండు నెలలంటే చాలా తక్కువ. కొత్త కుక్కకు ఇల్లు తనదని అనిపించడానికి మూడు నెలలు పడుతుందని రెస్క్యూ వాళ్లు ఒక మోటు లెక్క చెబుతారు. లడ్డు అంతకుముందు పదుల కుక్కల మధ్య ఉన్నాడు, దానికి ముందు ఏ టీ కొట్టు దగ్గరో మనుషుల కాళ్ల మధ్య పెరిగి ఉంటాడు. మూసిన గదిలో ఒక్కడే ఉండడం వాడి జన్మలో ఇదే మొదలు.

ఈ ఆదివారం చేయాల్సింది ఇంతే. ఫోన్ ఆనించి వీడియో పెట్టండి, తలుపు వేసి బయట నిలబడండి, వాడి తల లేచిన క్షణంలో లోపలికి వచ్చేయండి. ఎన్నో సెకనులో లేచిందో, తల లేచేముందు ఏ చప్పుడైందో ఒక కాగితం మీద రాసి నాకు పంపండి. రెండో సెకనే అయినా సిగ్గుపడకండి, అక్కణ్నుంచే మొదలుపెడదాం.